లానుకు చెమట పట్టదు

మంత్రిగారు పడిపోయింది శాలువాల వల్ల. కళ్ళారా చూసినవాళ్ళు నాలుగొందల మంది ఉన్నారు. వాళ్ళలో కడలి వీరవేణి ఒకతె. కుర్చీలు నింపడానికి డ్వాక్రా సంఘం ఆడవాళ్ళని ఆటోల్లో తోలుకొస్తే వచ్చి, పట్నం బస్టాండు ఎదుట రేకుల పందిట్లో రెండో వరసలో కూర్చుంది.

మంత్రిగారు వచ్చింది చలివేంద్రం ప్రారంభించడానికి. నాలుగు కొత్త కుండలు, వాటి చుట్టూ తడి గోనెపట్టా, గొలుసుతో కట్టేసిన ఒక గ్లాసు. ఆ గ్లాసుతో జనానికి మంచినీళ్ళు పోయాలంటే ముందు మంత్రిగారికి సన్మానం జరగాలి కదా. జరిగింది. ఉగాది వెళ్ళి పట్టుమని పదిరోజులు కాలేదు, అప్పుడే ఆకు కదలడం లేదు, ఒళ్ళంతా జిడ్డు. అయినా మర్యాద మర్యాదే. పంచాయతీరాజ్ వారు ఒక శాలువా కప్పారు. దాని మీద రోడ్లు భవనాల వారు ఇంకొకటి కప్పారు. మొదటిది తీసి రెండోది కప్పొచ్చు గాని, మొదటివాళ్ళు నొచ్చుకుంటారు. పశువైద్యులు కప్పారు, చేనేత వారు కప్పారు, ఆఖరికి వైద్య ఆరోగ్యశాఖ వారు కూడా కప్పారు. ఆ పైన గజమాల, ఆ పైన పట్టు తలపాగా. మంత్రిగారు మైకు పట్టుకుని "సోదర సోదరీమణులారా" అన్నారు. సోదరీమణుల దగ్గర కళ్ళు తేలేసి కుండల మీదికి ఒరిగిపోయారు.

"ఆ దుప్పట్లు లాగేత్తే ఆయనే లెగుత్తాడు" అంది వీరవేణి. పక్కావిడతో అన్నాననుకుంది గాని పందిరంతా వినిపించింది. ఆవిడ గొంతే అంత. యాభై ఏళ్ళుగా కాలవ ఈ గట్టున ఉండి ఆ గట్టున వాళ్ళతో మాట్లాడిన గొంతు, దాన్ని తగ్గించుకునే అలవాటు ఆవిడకి లేదు.

"దుప్పట్లు కావమ్మా, శాలువాలు. గౌరవ సూచకం" అని ఒక ఉద్యోగి సరిదిద్దాడు. మంత్రిగారిని గౌరవ సూచకాలతో సహా అంబులెన్సు ఎక్కించారు.

మర్నాడు ఉన్నతస్థాయి విచారణ సంఘం కూర్చుంది. కారణం ఉక్కపోత అని అందరూ ఒప్పుకున్నారు. ఉక్కపోతకు కారణం ఏమిటన్న దగ్గర చిక్కొచ్చింది. శాలువాలు అందామంటే సంఘంలో ఉన్న ప్రతి అధికారీ తలా ఒకటి కప్పినవాడే. తిలాపాపం తలా పిడికెడు, ఎవరి శాలువాని ఎవరు తప్పుపడతారు. ఎండ అందామంటే ఎండకి మెమో ఇచ్చే అధికారం జిల్లాలో ఎవరికీ లేదు. చివరికి ఎక్కడినుంచో పిలిపించిన ఒక నిపుణుడు లేచి, మొక్కలు ఆకుల గుండా నీటి ఆవిరిని గాల్లోకి వదులుతాయనీ, వరి ఎకరానికి రోజూ వేల లీటర్లు వదులుతుందనీ, దాంతో గాల్లో తేమ పెరుగుతుందనీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. అయితే ఆయన చెప్పవలసిన రెండో వాక్యం ఇంకోటి ఉంది. ఆ ఆవిరి పోతూ పోతూ చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుంది కూడా అన్నది ఆ వాక్యం. ఆయన దాన్ని మొదలెట్టేసరికి పెసరట్టు ఉప్మా వచ్చింది. టిఫిను తర్వాత సంఘం తీర్మానం రాసింది గాని, రెండో వాక్యం ఎవరూ అడగలేదు.

పట్నం చుట్టూ ఉన్నదంతా దాళ్వా వరి, వేసవిలో వేసే రెండో పంట. దోషి దొరికాడు. యుద్ధప్రాతిపదికన ఉక్కపోత నివారణ విభాగం వెలిసింది. దానికి విశ్వపతి అనే ఆయన్ని ప్రత్యేకాధికారిగా వేశారు. అంతకుముందు దోమల నివారణకు ప్రత్యేకాధికారిగా చేసి, దోమలను దస్త్రాల్లో పూర్తిగా నిర్మూలించిన అనుభవం ఆయనకుంది.

విశ్వపతిగారు మొట్టమొదట అడుగుపెట్టిన ఊరు వీరవేణిది, ఉప్పుటేటిపాలెం. పాలకేంద్రం అరుగు మీద సభ పెట్టించారు. అంతకు ముందురోజే ఒక వరిదుబ్బుకు పాలిథిన్ కవరు తొడిగి దారంతో కట్టించారు. సభలో ఆ కవరు విప్పించి పైకెత్తి పట్టుకున్నారు. లోపల బొట్లు బొట్లుగా నీళ్ళు.

"చూడండి. ఇది ఏమిటి? ఇది పైరు చెమట. మంత్రివర్యుల వారిని పడగొట్టినది ఇదే" అన్నారు. జనం మెడలు చాచి చూశారు. తమ పొలంలో ఇంత పని జరుగుతోందని ఎవరికీ తెలియదు.

"కావున పట్నం పరిసర ప్రాంతాలలోని పైర్లు ఇకమీదట చెమట పట్టకుండా రైతు సోదరులు తగు చర్యలు తీసుకోవలసినదిగా కోరడమైనది."

పెచ్చెట్టి బంగార్రాజు లేచాడు. వీరవేణి చేను పక్క చేను ఇతనిది. వరసకి మరిది. సర్కారు మాటంటే బంగార్రాజుకి దేవుడి మాట. ఆకుపచ్చ సిరాతో రాసింది ఏదైనా కళ్ళకద్దుకుంటాడు.

"అలాగేనండి. చెమట పట్టకండా ఉండాలంటే పైరు ఏం చెయ్యాలండి?"

"నీరు తక్కువ తాగాలి" అన్నారు విశ్వపతిగారు.

ఎవరో వెనకనుంచి చేపల చెరువుల సంగతేంటని అడిగారు. ఊరికి మూడు పక్కలా కనుచూపు మేర చెరువులే. వీరవేణి మొగుడు కాపలా కాసేది కూడా ఆ చెరువుల మీదే, రాత్రీ పగలూ గట్టు వదలనివ్వరు గనక నెలకోసారి ఇంటికొస్తాడు. ఆ చెరువులు ఎవరెవరివో ఊళ్ళో అందరికీ తెలుసు, విశ్వపతిగారికి ఇంకా బాగా తెలుసు. "చెరువుకు ఆకులు ఉండవు. ఆకులు లేనిదే చెమట పట్టదు. నిబంధనలలో స్పష్టంగా ఉంది" అని ఆయన కూర్చున్నారు.

సాయంత్రానికి కాలవ నీళ్ళు చూసే లస్కరు అబ్బులు తూము దించేశాడు. వీరవేణి గట్టు మీద నిలబడి తిట్టవలసినవన్నీ తిట్టింది. అబ్బులు తలొంచుకుని విని, "నన్నంటే ఏముందప్పా. నేను తూముకి బంటుని. ఆల్లు ఎత్తమంటే ఎత్తుతాను, దించమంటే దించుతాను" అన్నాడు.

వీరవేణికి నిజంగానే భయమేసింది. వానాకాలం సార్వా పంట తుఫానుకి పోయింది. కోతకొచ్చిన చేను నీళ్ళలో మునిగి మొలకెత్తితే పశువులకి కూడా పనికిరాలేదు. ఈ రెండున్నర ఎకరాల కౌలు చేను మీదే ఏడాది తిండి. ఇప్పుడు చేను ఈని పాలు పోసుకుంటోంది. ఈ సమయంలో నీళ్ళు తప్పితే గింజ పట్టదు, తాలు తప్ప మిగలదు. అది తెలుసుకోవడానికి నిపుణుడు అక్కర్లేదు, ఊళ్ళో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఆ రాత్రి అన్నం సయించక, తెల్లారగానే పట్నం బస్సెక్కింది.

ఉక్కపోత విభాగం ఆఫీసు అధికారుల క్లబ్బు పక్కనే. వీరవేణి మండుటెండలో గేటు దగ్గర నిలబడి ఉంటే, ప్రహరీ అవతల గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్న గొట్టాలు కనిపించాయి. పచ్చగా, మెత్తగా, ఎకరం పైన గడ్డి. మధ్యాహ్నపు వేళ నీళ్ళు పోస్తే సగం ఆవిరైపోతాయి గదా అనుకుంది. అంతలోనే ఒళ్ళు మండిపోయింది. ప్యూను వారిస్తున్నా వినకుండా లోపలికి దూసుకుపోయింది.

"ఏవండీ, మా పైరుకేమో చెమటా, మీ గడ్డికేమో పన్నీరా?"

విశ్వపతిగారికి కోపం రాలేదు. నియమాలు తెలిసినవారికి కోపం రాదు. "అది గడ్డి కాదమ్మా, లాను. పైరు వేరు, లాను వేరు. పైరు అనగా దిగుబడి ఇచ్చునది. లాను వల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు. ప్రయోజనం లేనిదానికి మా నిబంధనలు వర్తించవు."

"అంటే లానుకి చెమట పట్టదా?"

"పట్టదు."

"ఏం గడ్డయినా?"

"పచ్చగా, గడ్డిజాతికి చెందినదై, దిగుబడి లేనిదై ఉండవలెను."

వీరవేణి కాసేపు ఆలోచించింది. వరి పచ్చగా ఉంది. చూడబోతే గడ్డే. "అయితే నాదీ లానేనండి" అంది.

"దిగుబడి రాదని రాసివ్వగలవా?"

"మీరు నీళ్ళియ్యకపోతే ఎలాగూ రాదు కదండీ. ఉన్నమాటే రాసిత్తాను."

విశ్వపతిగారు ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. మాటలో తప్పు దొరకలేదు. పైగా మంత్రిగారి పేర గ్రామానికో లాను అభివృద్ధి చేశామని చెప్పుకోవచ్చు. వీరవేణి వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. వారం తిరక్కుండా ఆవిడ చేను గట్టున "ఇది లాను" అని పసుపు బోర్డు పాతారు. అబ్బులు వచ్చి ఆ చేలోకి పారే ఒక్క బోదెకి తూమెత్తాడు. ఎత్తుతున్నంతసేపూ నవ్వాపుకోలేక పైపంచె నోట్లో కుక్కుకున్నాడు.

ఇది తెలిసి ఊరు ఊరంతా మాదీ లానేనంటూ పట్నం పరిగెత్తింది. ఆలస్యమైపోయింది. లాన్ల దస్త్రం పర్యాటక శాఖకి బదిలీ అయిందనీ, అక్కడి అధికారి శిక్షణకి వెళ్ళారనీ, వచ్చేది జూన్‌లోననీ చెప్పి పంపేశారు. వీరవేణి బంగార్రాజుని పిలిచి, "నువ్వూ ఓ బోర్డు రాయించి పాతెయ్యి. ఎవడొచ్చి చూత్తాడు?" అంది.

"తప్పొదినా. దొంగ బోర్డు పాతితే గవర్నమెంటోరు ఊరుకోరు. ఆల్లకి తెలీదేటి, ఏదో మంచికే చేసుంటారు" అన్నాడు బంగార్రాజు.

"ఒరే ఎర్రోడా, చేను ఎండిపోతంటే మంచేట్రా?"

వీరవేణి రెండు రోజులు చూసి, తన గట్టుకి గండి కొట్టి అతని చేలోకి నీళ్ళు వదిలింది. అతనే వచ్చి, భయపడుతూ, ఆ గండి పూడ్చి వెళ్ళాడు. అది చూసి ఆవిడకి ఏడుపొచ్చింది. అతన్ని తిట్టాలో, అతన్ని ఇలా చేసినవాళ్ళని తిట్టాలో తెలియక ఇద్దర్నీ తిట్టింది.

చైత్రం దాటేసరికి చేలు నెర్రెలిచ్చాయి. గాల్లో తేమ తగ్గిన మాట నిజం. దాని బదులు వడగాడ్పు మొదలైంది. పట్నంలో పగటిపూట తలుపు తీస్తే పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి ముఖాన కొడుతోంది. ఇదివరకు జనం చెమటతో చిరాకు పడేవారు, ఇప్పుడు వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో పడుతున్నారు. ఉక్కపోత విభాగం మాత్రం తమ లక్ష్యం నూటికి నూరుపాళ్ళు సాధించామని పత్రికలకు తెలియజేసింది. వడగాడ్పు తమ పరిధిలోనిది కాదనీ, దానికి వేరే విభాగం అవసరమనీ అందులో సూచించింది కూడా.

విజయోత్సవ సభ పెట్టాలన్నారు. మంత్రిగారు వస్తానన్నారు గాని, పచ్చదనం ఉన్నచోట అయితేనే అని షరతు పెట్టారు. క్లబ్బు లాను మీద అధికారుల పిల్లల క్రికెట్ పోటీలు జరుగుతున్నాయి. అది తప్పిస్తే పట్నం చుట్టుపక్కల పచ్చగా మిగిలింది ఒక్కటే. విశ్వపతిగారు జీపులో దిగి వీరవేణి చేను చూశారు. వెన్నులు వంగి, గింజ గట్టిపడుతోంది. ఆయన ముఖం చిట్లించారు.

"లాను ఇంత ఎత్తు పెరగడమేమిటమ్మా? రెండంగుళాలు మించరాదు. సభనాడు మంత్రివర్యుల అమృతహస్తాలతో కోతయంత్రం ప్రారంభింపజేస్తాం."

వీరవేణి చేతులు జోడించింది. "బాబ్బాబు, ఇంకో పదేను రోజులాగండి. అప్పుడు మీరన్నట్టే కొయ్యండి. మీకు దండం పెడతాను."

"లాను కోతకు అదునూ పదునూ ఏమిటి? అది పైరా?" అన్నారు విశ్వపతిగారు. ఆవిడ అన్న మాటే ఆవిడ కాళ్ళకి చుట్టుకుంది. పైరే అంటే తూము దించేస్తారు, లానే అంటే కోసేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సభ రోజు వచ్చింది. చేను గట్టు పక్కన బళ్ళు తిరిగే పుంత మీద షామియానా వేశారు. గట్టున కొత్త కోతయంత్రం, దానికి పసుపు కుంకుమ, నిమ్మకాయలు. ముందుగా బంగార్రాజుని పిలిచారు. మండలంలో అందరికన్నా ముందు పూర్తిగా ఎండిన చేను అతనిది కనుక అతనికి "స్వేదరహిత ఆదర్శ రైతు" బిరుదు. శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

"అందరికీ నమస్కారమండి. నాకు ఇత్తనాలు కూడా మిగల్లేదండి" అన్నాడు బంగార్రాజు. చప్పట్లు కొట్టారు.

తర్వాత మంత్రిగారి వంతు. గండం గడిచి వచ్చినవారు కదా, ఈసారి ఇంకా ఘనంగా చెయ్యాలనుకున్నారు. పంచాయతీరాజ్, రోడ్లు భవనాలు, పశువైద్యులు, చేనేత, మళ్ళీ అందరూ వరసగా వచ్చారు. వైద్య ఆరోగ్యశాఖ వారు కిందటిసారి కన్నా మందం శాలువా తెచ్చారు. వీరవేణిని లాను యజమానురాలిగా వేదిక ఎక్కించి, ఆవిడ చేతిలోనూ ఒకటి పెట్టి వరసలో నిలబెట్టారు. ఆవిడ కళ్ళు కోతయంత్రం మీదే ఉన్నాయి. ఆవిడ వంతు వచ్చేసరికి మంత్రిగారి కళ్ళు మళ్ళీ తేలిపోతున్నాయి. పెదాలు తెల్లబడ్డాయి. ఒళ్ళంతా నీరు కారుతోంది.

మనిషి చచ్చిపోతాడన్న భయం పట్టుకుంది వీరవేణికి. చేతిలోదాన్ని కింద పారేసి, ఆయన మీదున్నవి ఒక్కొక్కటీ లాగి విసిరేసింది. గజమాల తెంపేసింది. తలపాగా ఊడదీసింది. "నోరెళ్ళబెట్టుకు చూత్తారేంటి, తప్పుకోండి, గాలి తగలనియ్యండి" అని ఒక్క అరుపు అరిచింది. శాఖలన్నీ తప్పుకున్నాయి. తడి చేను మీదుగా గాలి వచ్చి మంత్రిగారికి తగిలింది. ఆయన కళ్ళు తెరిచారు.

"అబ్బ. ప్రాణం లేచొచ్చింది. ఏం చేశావమ్మా?"

"ఆ దుప్పట్లు..." అని వీరవేణి మొదలెట్టేలోగా విశ్వపతిగారు ముందుకు వచ్చారు. "లాను ప్రభావం సార్. శాస్త్రీయంగా అభివృద్ధి చేసిన లాను."

మంత్రిగారు చేను వంక చూశారు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మ మీద మాత్రం ఎవరూ వ్యాఖ్యానించలేదు. "నన్ను బతికించిన లాను ఇది. దీన్ని కోస్తారా మీరు? తీసెయ్యండి ఆ యంత్రం. దీన్ని ఎవరూ ఎప్పటికీ కొయ్యడానికి వీల్లేదు. ఇది నా ఆజ్ఞ."

వీరవేణి సంతోషంతో ఏడ్చేసింది. ఆయన కాళ్ళకి దండం పెట్టబోయింది. మర్నాడు ఇంకో బోర్డు దిగింది, "రక్షిత లాను. కోసినవారు శిక్షార్హులు" అని. కాపలాకి ఒక కానిస్టేబుల్ కూడా దిగాడు. అప్పుడు గాని ఆవిడకి "ఎప్పటికీ" అన్న మాట తలకెక్కలేదు.

పదిహేను రోజుల్లో చేను బంగారంలా పండింది. పిట్టలు వాలుతున్నాయి. గింజ రాలడం మొదలైంది. పడమట మబ్బు కనిపిస్తే వీరవేణి గట్టు మీదికి పరిగెడుతోంది. కొడవలి పట్టుకుని దిగితే కానిస్టేబుల్ అడ్డంపడ్డాడు. "నీకు పుణ్యముంటాదమ్మా, నా ఉద్యోగం పోద్ది. కొయ్యకు" అన్నాడు.

వీరవేణి గట్టున కూలబడింది. కూర్చుని కూర్చుని ఒక వెన్ను చేతిలోకి తీసుకుని, ఊరికే, పిడికిట్లో దూసింది. గింజలన్నీ అరచేతిలోకి వచ్చాయి. గడ్డి గడ్డిగానే నిలబడి ఉంది. కానిస్టేబుల్ వంక చూసింది.

"ఇది కొయ్యడమేనా?"

అతను బోర్డు మళ్ళీ చదివాడు. "కాదనుకుంటా" అన్నాడు.

మర్నాడు పొద్దుటే చేలో ఊరంతా దిగింది. చేలు ఎండినవాళ్ళందర్నీ వీరవేణి గొంతెత్తి పిలిచింది, దూసినదాంట్లో ఎవరి పాలు వాళ్ళు తీసుకునే కరారుతో. నడుముకి ఒడి కట్టుకోవడానికి గోనెలు చాలకపోతే, సభనాడు వేదిక కింద ఏరి దాచిన శాలువాలు పంచింది. పశువైద్యుల శాలువా కట్టుకుని అబ్బులు, వైద్యశాఖది కట్టుకుని వీరవేణి, ఆదర్శ రైతు శాలువా కట్టుకుని బంగార్రాజు వెన్నులు దూస్తున్నారు. అరచేతులు కోసుకుపోతున్నాయి. వైశాఖపు ఎండ నెత్తిన మాడుస్తోంది. మధ్యాహ్నానికి సగం చేను అయింది.

అప్పుడు జీపు ఆగింది. విశ్వపతిగారు దిగి, "ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నారు.

"లానుకి తల దువ్వుతున్నామండి" అంది వీరవేణి.

ఆయన కానిస్టేబుల్‌ని అడిగారు, కొయ్యలేదని చెప్పాడు. బోర్డు చూశారు. గడ్డి నిలబడే ఉంది. అభ్యంతరం కనిపించలేదు. వెళ్ళిపోబోతూ ఆగారు. బంగార్రాజు మోచేతి నుంచి చెమట ధారగా కారి మట్టిలో పడుతోంది. ఆయన అటు చూశారు, పక్కవాళ్ళని చూశారు. చేలో ఉన్న ఇంతమందీ తడిసి ముద్దై ఉన్నారు. విశ్వపతిగారి ముఖం వెలిగింది. సంచీలోంచి ఒక పాలిథిన్ కవరు, దారం తీశారు.

"ఇటు రావయ్యా. చెయ్యి చాపు. కదలకు."

బంగార్రాజు అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. గింజలు దూసి దూసి ఆ అరచెయ్యి నెత్తురోడుతోంది. విశ్వపతిగారు దానికి కవరు తొడగబోయారు.

వీరవేణి వచ్చి ఆ కవరు లాక్కుంది. ఈసారి అరవలేదు. విశ్వపతిగారి కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు దాకా కవరు తొడిగి, దారం బిగించి ముడేసింది. ఆయన వద్దంటున్నా వదల్లేదు. చేలో వాళ్ళంతా ఒళ్ళో గింజలతో చుట్టూ చేరారు. కాసేపటికి కవరు లోపల మసకేసింది. తర్వాత ఒక బొట్టు, దాని పక్కన ఇంకో బొట్టు కట్టి జారింది.

"మంత్రిగారిని పడగొట్టింది ఇదేనండి" అంది వీరవేణి.

విశ్వపతిగారు కవర్లో ఉన్న తన చేతిని ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. చూసి, గొంతు సవరించుకుని, "ఇది వేరే శాఖ కిందికి వస్తుంది" అన్నారు.